కొర్లయ్య గడ్డం, కుంకుడుకాయ నురుగు

దమ్ముంటే ఇది నమ్ము చూద్దాం. కుంకుడుకాయ ఒకప్పుడు తియ్యగా ఉండేది. సపోటా కంటే తియ్యగా. నవ్వకు. మొత్తం విన్నాక నవ్వుదువుగాని.

ఒకప్పుడు కుంకుడుకాయలో నురుగు లేదు, చేదు లేదు, కంట్లో పడితే మంటా లేదు. నురుగంటే సముద్రం దగ్గరే. ఇంకెవ్వరి దగ్గరా చారెడు కూడా దొరికేది కాదు.

ఆ రోజుల్లో మగాళ్ళకి గడ్డం గీసుకోవడమంటే చావే. ఆల్చిప్ప అంచుతో పొడిగా గీకించుకోవాలి. ఒకడు గీకుతుంటే నలుగురు కాళ్ళూ చేతులూ పట్టుకోవాలి. అందుకే ఏడాదికొక్కసారి, అమ్మవారి పండక్కి మాత్రం గీయించుకునేవాళ్ళు. ఆ రోజు డప్పులు అంత గట్టిగా ఎందుకు కొట్టేవాళ్ళనుకున్నావ్? అరుపులు బయటికి వినపడకుండా.

సముద్రం ఒడ్డున ఒక పల్లెలో కొర్లయ్య అని ఒకడుండేవాడు. తెప్ప వేసుకుని చేపల వేటకెళ్ళేవాడు. మనిషి బంగారం. గడ్డం మాత్రం మొగలిపొద.

ఎందుకంటే వాళ్ళావిడ దానమ్మ కడుపుతో ఉంది. పెళ్ళాం కడుపుతో ఉంటే మొగుడు గడ్డం ముట్టుకోకూడదని పెద్దాళ్ళ రూలు. తొమ్మిది నెలల గడ్డమంటే మాటలా. వేటకెళ్ళొస్తే అందులో చిన్న రొయ్యలు ఇరుక్కునుండేవి. దానమ్మ దువ్వెన పెట్టి దువ్వితే పూట కూరకి సరిపోయేవంట.

మొత్తానికి ఆడపిల్ల పుట్టింది. కొర్లయ్య ఆనందం పట్టలేక పిల్లని ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నాడు.

పిల్ల కెవ్వుమంది.

మర్నాడు మళ్ళీ ఎత్తుకున్నాడు. మళ్ళీ కెవ్వుమంది. మూడోనాటికి గుమ్మంలో గడ్డం నీడ పడితే చాలు, మూతి విరిచేస్తోంది.

"పాపం దానికేం తెలుసయ్యా, ముళ్ళకంప మీద పడుకోబెట్టినట్టుంటుంది" అంది దానమ్మ.

ఇక్కడే వచ్చింది అసలు చిక్కు. ఆ పల్లెలో ఒక ఆచారం ఉంది. ఇరవై ఒకటో రోజు పిల్లని ఉయ్యాల్లో వేసేముందు తండ్రి ఎత్తుకుని, చెంపకి చెంప ఆనించి, చెవిలో మూడుసార్లు పేరు చెప్పాలి. మూడోసారి అయ్యేదాకా పిల్ల ఏడవకూడదు. ఏడిచిందా, పేరు పెట్టే హక్కు మేనమామకి పోతుంది.

కొర్లయ్యకి వాళ్ళమ్మ పేరు పెట్టాలని ఉంది. ముత్యాలు. వాళ్ళమ్మ పోయి రెండేళ్ళయింది. ఆ పేరు పిలవడానికి ఇంట్లో మనిషే లేకుండా పోయింది. మళ్ళీ ఇంట్లో ఆ పేరు వినపడాలని వాడి కోరిక.

మేనమామ ఎల్లాజీకి ఇరవై రెండేళ్ళు. గడ్డం ఇంకా మొలవనే లేదు. చెంపలు అప్పుడే ఉడికించి ఒలిచిన గుడ్డులా ఉంటాయి. పిల్లని ఎత్తుకుంటే చాలు, ఆ గుడ్డుకి ముక్కు రుద్దుకుంటూ హాయిగా నిద్రపోతుంది.

"బావా, పేరు నేను అనుకునే ఉన్నాలే. ఎల్లాజమ్మ" అన్నాడు.

"ఒరే, అది పేరా, పీత కూరా?"

"ఏమైనా అను బావా. మేనకోడలు నాది, చెంపలు నావి."

కొర్లయ్యకి ఒళ్ళు మండింది. ఇంకా పది రోజులుంది. నొప్పి లేకుండా, అప్పు చేయకుండా గడ్డం తీసే దారి వెతుక్కోవాలి అనుకుని బయల్దేరాడు.

ముందు పొయ్యిలో నిప్పు దగ్గరికెళ్ళాడు.

"గడ్డమేగా. చిటికెలో పని. డబ్బులొద్దు, ఏమొద్దు" అంది నిప్పు. చాలా మర్యాదగా మాట్లాడింది. కొర్లయ్య మొహం వంచాడు. చుర్రుమంది. గడ్డం అలాగే ఉంది, ఎడమ కనుబొమ్మ పోయింది.

"అయ్యో, అటెళ్ళానా" అంది నిప్పు.

తర్వాత పీత దగ్గరికెళ్ళాడు. పీత డెక్కలు ఆడించుకుంటూ గడ్డాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "పీకేస్తా. వెంట్రుకకి ఒక చేప."

"ఒక్క వెంట్రుకకా?"

"పని నాణ్యంగా ఉంటుంది కొర్లయ్యా. ఊరికే రాదు."

సముద్రంలో చేపలన్నీ పట్టినా సగం మూతి కూడా పూర్తవదు. దండం పెట్టి వచ్చేశాడు.

చివరికి మన ఆల్చిప్ప దగ్గరికే వచ్చాడు. ఆల్చిప్ప ఏమీ అడగదు, ఇసకలో పడుంటుంది, ఎవరు తీసుకున్నా సరే. కానీ పొడి మొహం మీద ఒక్క గీటు గీసేసరికి కొర్లయ్య కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"నన్నేం చెయ్యమంటావు?" అంది ఆల్చిప్ప. "తప్పు నాది కాదు. నువ్వు తెప్పని పొడి ఇసక మీద లాగుతావా? గీసుకుపోదూ? మరి నన్నెందుకు లాగుతున్నావ్?"

కొర్లయ్య బుర్రలో దీపం వెలిగింది. నిజమే. తెప్పని ఎప్పుడూ అల వెనక్కెళ్ళేటప్పుడు, ఆ తెల్లటి నురుగు మీద లాగుతారు. ఏనుగంత బరువున్నా జర్రున జారిపోతుంది.

పరిగెత్తుకుంటూ సముద్రం దగ్గరికెళ్ళాడు.

"గంగమ్మ తల్లీ, కాస్త నురుగు ఇస్తావా? ఏం పుచ్చుకుంటావో ముందే చెప్పు. నా దగ్గర ఒక తెప్పా, ఒక వలా తప్ప ఏం లేవు."

సముద్రం పెద్దగా నవ్వింది. ఆ నవ్వుకి వాడు మోకాళ్ళ దాకా తడిసిపోయాడు. "ఒరే కొర్లయ్యా, నురుగుకి కూడా ధర కడతార్రా? పట్టుకుపో. కానీ ఒక మాట. అది నా పిల్ల. ఉప్పునీళ్ళు ఎక్కడ కనిపించినా, అమ్మ వచ్చిందనుకుని లోపలికి దూరిపోతుంది. అప్పుడు నన్ను తిట్టుకోకు."

"ఊళ్ళో ఉప్పునీళ్ళు ఎక్కడున్నాయి తల్లీ, అంతా నూతి నీళ్ళే" అన్నాడు కొర్లయ్య. అన్నాడు గాని, సరిగ్గా ఆలోచించలేదు.

ఇంక తీసుకెళ్ళడం మొదలెట్టాడు. ఎలా తీసుకెళ్ళాడో తెలుసా? వలలో. నిజంగా. పుట్టినప్పటినుంచీ సముద్రం ఇచ్చిందేదైనా వలలోనే తెచ్చుకున్నాడు మరి, ఇంకో దారి తట్టలేదు. ఇంటికెళ్ళి వల విప్పితే తడి తాళ్ళు తప్ప ఏం లేదు.

"బావా, ఈ రోజు గాలి బాగా పడిందా?" అన్నాడు ఎల్లాజీ.

మర్నాడు కుండలో తెచ్చాడు. గుమ్మం దగ్గరికొచ్చేసరికి బుడగలన్నీ టప టపా పేలిపోయి అడుగున గుక్కెడు నీళ్ళు మిగిలాయి. మూత పెట్టి తెచ్చాడు, పోయింది. పైన తడిబట్ట కప్పి తెచ్చాడు, పోయింది. ఇలా రోజులు గడిచిపోయాయి. పల్లెలో పిల్లలు వాడి వెనకాల పరిగెడుతూ "టప్, టప్" అని అరిచేవాళ్ళు.

ఇరవై ఒకటో రోజు రానే వచ్చింది. ఉదయం మళ్ళీ కుండ నింపుకుని పరుగు మొదలెట్టాడు. సగం దారిలో ఇసక దిబ్బ మీద ఒక కుంకుడు చెట్టు ఉంది. అక్కడికొచ్చేసరికి కుండలో చారెడు నురుగు మిగిలింది. కొర్లయ్య ఇంక పరిగెత్తలేక చెట్టు కింద కూలబడ్డాడు.

"ఇంక అయిపోయింది. ఎల్లాజమ్మే" అనుకున్నాడు.

పైనుంచి చెట్టు మూలిగింది. "నీకు ఒక్కటే కష్టం. నన్ను చూడు. నా కాయలు తియ్యగా ఉంటాయని పచ్చివి కూడా ఉంచట్లేదు. చిలకలు సగం, ఉడతలు సగం, మిగిలినవి మీ పిల్లలు. నాకు ఎనభై ఏళ్ళు. ఒక్క గింజ కూడా మొలకెత్తింది లేదు. చుట్టూ చూడు, నాకొక పిల్ల మొక్కైనా ఉందా?"

కొర్లయ్య చూశాడు. నిజంగానే ఒక్కటీ లేదు. పిల్ల కోసం తను పడుతున్న బాధే అది కూడా పడుతోంది. కుండలోకి చూశాడు.

అప్పుడు కుండలోంచి నురుగు సన్నగా మాట్లాడింది. "నన్ను ఎండలో తిప్పకండి బాబూ. గాలి తగిలితే చచ్చిపోతా. నాకొక చిన్న ఇల్లు కావాలి. గుండ్రంగా, తలుపులు మూసుకునుండాలి. నీళ్ళు పోసి పిసికి లేపేదాకా అందులో పడుకుంటా."

చెట్టు ఆగింది. కొర్లయ్య ఆగాడు. ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

"నా కాయలో ఉంటావా?" అంది చెట్టు.

"ఉంటా. కానీ నేను సముద్రపు దాన్ని. నేనొస్తే నీ తీపి పోతుంది. చేదెక్కిపోతావ్" అంది నురుగు.

"పోతే పోనీ. ఆ తీపి వల్లే నాకు పిల్లల్లేకుండా పోయారు."

చెట్టు కొమ్మ వంచింది. ఒక కాయ కుండలోకి మూతి పెట్టి నురుగుని ఒక్క గుక్కలో తాగేసింది. ఆ చేదుకి మొహం ఎలా పెట్టిందో తెలుసా? కషాయం తాగిన పిల్లాడిలా బుగ్గలు రెండూ ముడుచుకుపోయాయి. ఆ ముడతలు మళ్ళీ పోలేదు. ఆ కాయ నుంచి పక్క కాయకి, అక్కడినుంచి కొమ్మంతా, చెట్టంతా పాకిపోయింది. అప్పుడే ఒక చిలక వచ్చి కాయని కొరికి, థూ అని ఊసి, చెట్టుని తిట్టుకుంటూ ఎగిరిపోయింది. చెట్టు పొంగిపోయి పది కాయలు కొర్లయ్య ఒళ్ళో రాల్చింది.

ఇంటికొచ్చేసరికి చుట్టాలంతా కూర్చునున్నారు. ఎల్లాజీ చెంపలకి నూనె రాసుకుని మరీ తయారుగా ఉన్నాడు.

కొర్లయ్య పెరట్లో కూర్చుని కాయలు చితక్కొట్టి, నీళ్ళు పోసి పిసికాడు. నురుగు ఆవులించి లేచింది. తెల్లగా, దట్టంగా, దోసిలి నిండా. గడ్డానికి పట్టించాడు. ఆల్చిప్ప తీసుకున్నాడు. జర్రున జారింది. నొప్పి లేదు, చురుకు లేదు, పట్టుకోవడానికి నలుగురు అక్కర్లేదు. కొర్లయ్య హాయిగా కూనిరాగం కూడా తీశాడు.

అంతా అయిపోయింది. మొహం తడుముకున్నాడు. తొమ్మిది నెలల తర్వాత సొంత చెంపలు చేతికి తగిలాయి. వాడికి వాళ్ళమ్మ గుర్తొచ్చింది. కంట్లో ఒక్క చుక్క నీళ్ళు వచ్చాయి.

కన్నీళ్ళు ఎలా ఉంటాయి? ఉప్పగా.

కనుబొమ్మ మీద ఎక్కడో మిగిలిన నురుగు "అమ్మా" అంటూ కంట్లోకి దూరిపోయింది. లోపల సముద్రం ఉందనుకుని వెతకడం మొదలెట్టింది. మంటో మంట. ఎంత మండితే అన్ని నీళ్ళు, ఎన్ని నీళ్ళొస్తే అంత మంట. కొర్లయ్యకి కళ్ళు తెరుచుకోవట్లేదు, ఎదురుగా పిల్ల ఉన్నా కనపడట్లేదు.

"టైమైపోతోంది బావా. పోనీలే, నేను చెప్పేయనా?" అన్నాడు ఎల్లాజీ.

"నోర్ముయ్‌రా తమ్ముడూ" అంది దానమ్మ. మొగుడి దగ్గరికొచ్చి, "ఏవయ్యా, సముద్రం ఏమంది నీతో? ఒక్కో మాటా చెప్పు."

చెప్పాడు.

"అంటే దానికి వాళ్ళమ్మ కావాలి. వాళ్ళమ్మంటే ఏంటి? ఉప్పే కదా" అంది దానమ్మ. వంటింట్లోకెళ్ళి ఉప్పు కల్లు తెచ్చి మొగుడి నాలిక మీద పెట్టింది.

ఉప్పు కరిగింది. నురుగుకి సముద్రం వాసన తగిలింది. అమ్మ పక్కనే ఉందిలే అనుకుని, ఏడుపు ఆపేసిన పసిపిల్లలా మెల్లగా సర్దుకుని పడుకుంది. మంట ఆగిపోయింది.

కొర్లయ్య కళ్ళు తెరిచాడు. పిల్లని ఎత్తుకున్నాడు. చెంపకి చెంప ఆనించాడు.

పిల్ల ఏడవలేదు. ఈ కొత్తాయన ఎవరా అన్నట్టు చూసింది. చిన్న అరచెయ్యి వాడి బుగ్గ మీద పెట్టి కిందకి జార్చింది. మళ్ళీ పైకి పెట్టింది, మళ్ళీ జార్చింది. దానికి ఆట దొరికింది.

"ముత్యాలు" అన్నాడు కొర్లయ్య చెవిలో. "ముత్యాలు. ముత్యాలు."

"పోనీలే బావా. రెండోదానికి ఎల్లాజమ్మ" అన్నాడు ఎల్లాజీ.

"ముందు నీకు గడ్డం రానీరా, అప్పుడు చూద్దాం."

ఆ ఏడాది పల్లెలో మగాళ్ళందరి చెంపలూ నున్నగా మెరిశాయి. పైసా ఖర్చు లేదు. ఇసక దిబ్బ మీద చెట్టు చుట్టూ పదిహేను పిల్ల మొక్కలు లేచాయి.

అప్పటినుంచే కుంకుడుకాయ చేదెక్కింది, బుగ్గలు ముడుచుకుంది, నీళ్ళు పోసి పిసికితే నురుగు లేస్తోంది. అప్పటినుంచే అది కంట్లో పడితే మంట పుడుతోంది, నీ మీద కోపమై కాదు, అమ్మని వెతుక్కుంటూ. నాలిక మీద ఉప్పు కల్లు పడగానే ఊరుకుంటోంది.

ఏంటి, ఇంకా నమ్మట్లేదా? సరే, ఇంట్లో కుంకుళ్ళు ఉంటే ఇప్పుడే ఒకటి తీసుకుని కొరికి చూ…

ఆగు, అమ్మ అరుస్తోంది, ట్యాంకు నిండి పైనుంచి కారిపోతోందంట, మోటారు ఆపడం మర్చిపోయా!