వంత పాడనన్న శిష్యుడు

ఓబులేసుకు ఒక చిక్కు వచ్చిపడింది. వాదనలో ప్రతిచోటా తనే గెలుస్తున్నాడు. వెంట మాత్రం ఒక్క మనిషీ రావడం లేదు.

అతనిది మడుగుపల్లె. కొండల కింద, గుండ్లవాగు ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఆ వాగుకు అడ్డంగా రిజర్వాయరు కడతామని ప్రభుత్వం చెప్పింది. కట్ట పడితే దిగువ ఊళ్ళకు నీళ్ళందుతాయి, మడుగుపల్లె మాత్రం మొత్తం ముంపులో పోతుంది. ఇళ్ళు, పొలాలు, పెద్దల సమాధులు, ఏదీ మిగలదు. ఊళ్ళో కుర్రవాళ్ళు కలిసి పోరాట సంఘం పెట్టుకున్నారు. నోరున్నవాడు గనుక ఓబులేసును ముందు నిలబెట్టారు.

ఒక్క ఊరు అరిస్తే ఎవరికి వినబడుతుంది? దిగువ ఊళ్ళ జనం కూడా తోడొస్తేనే బలం. అందుకని ఓబులేసు రెండు నెలలుగా ఆ ఊళ్ళ వెంట తిరుగుతున్నాడు. టీ కొట్ల దగ్గర, పాలకేంద్రాల దగ్గర, బస్సు కోసం నిలబడ్డ చోట మనుషుల్ని పట్టుకుని మాట్లాడేవాడు. ఎవరైనా ఒక మాట అంటే నాలుగు అప్పజెప్పేవాడు. అవతలివాడు కాసేపు చూసి, తల గోక్కుని, పని ఉందంటూ లేచిపోయేవాడు. ఓబులేసు దాన్నే గెలుపు అనుకునేవాడు.

వచ్చే గురువారం ప్రజాభిప్రాయ సేకరణ సభ. అధికారులు వచ్చి కట్ట కావాలా వద్దా అని అన్ని ఊళ్ళ వాళ్ళనూ అడుగుతారు. దిగువ నుంచి వద్దనే గొంతు ఒక్కటీ లేదు. పైగా దిగువనున్న సున్నాలపాడు తరఫున లేచి కట్ట కావాలనబోయేది దావీదు. ఆ కబురు విన్నప్పటి నుంచి ఓబులేసుకు అన్నం సయించడం లేదు.

దావీదు పరాయివాడైతే ఇంత బాధ ఉండేది కాదు. ఇద్దరూ ఒకే గురువు దగ్గర బుర్రకథ నేర్చుకున్నారు. గురువు చెన్నమల్లయ్య మధ్యలో నిలబడి తంబురా మీటుతూ కథ చెబుతుంటే, ఒక పక్క ఓబులేసు, ఇంకో పక్క దావీదు డక్కీలు వాయిస్తూ వంత పాడేవాళ్ళు. కథ మధ్యలో లోకం సంగతులెత్తి నాయకుల్ని దులిపేసే రాజకీయం ఓబులేసుది. జనాన్ని నవ్వించే హాస్యం దావీదుది. కథలున్న రోజుల్లో ఓబులేసుకు తిండీ పడకా సున్నాలపాట్లో దావీదు ఇంట్లోనే.

నెల కిందట టీ కొట్టు దగ్గర ఇద్దరికీ మాట పెరిగింది. "మా ఊరి శవం మీంచి పారే నీళ్ళురా అవి. ఎట్టా మింగుడు పడతయ్యో తాగండి" అన్నాడు ఓబులేసు, పదిమందీ వింటుండగా. దావీదు గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి సాధనకు రావడం మానేశాడు. గురువు ఒప్పుకున్న కథలన్నీ రెండో వంత లేక ఆగిపోయాయి.

ఇదీ సంగతి. శుక్రవారం మధ్యాహ్నం ఓబులేసు గురువు ఇంటికి వెళ్ళాడు. ఆయన వసారాలో కూర్చుని డక్కీ తాళ్ళు బిగిస్తున్నాడు.

"గురువుగారూ, నాకు పాట నేర్పారు, నిలబడ్డం నేర్పారు. ఇప్పుడు ఒక్క మాట నేర్పండి. గురువారం సభలో దావీదు లేచి నిలబడితే, ఆ మాటకు వాడి నోరు పెగలకూడదు."

చెన్నమల్లయ్య చేతిలో పని ఆపలేదు.

"వాడేమంటన్నాడు?"

"కట్ట కావాలంటన్నాడు."

"అది ఊరంతా అంటన్నదేగా. వాడేమంటన్నాడు?"

"ఇంకేముంటది గురువుగారూ. లీడర్లు ఎక్కించారు, వీడు ఎగిరి గంతేశాడు."

"వాడు చెప్పాడా నీకు?"

"ఒకళ్ళు చెప్పాలా? తెలస్తానే ఉందిగా."

గురువు డక్కీ మీద వేలితో ఒక దెబ్బ వేసి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. నాదం నచ్చినట్టు లేదు, మళ్ళీ తాడు విప్పాడు.

"ఆదివారం పొద్దున్నే రా. డక్కీ తెచ్చుకో" అన్నాడు.

ఓబులేసు సంబరపడిపోయాడు. గురువు దగ్గర ఏదో గట్టి అస్త్రమే ఉంది, ఊరికే చేతికివ్వడు గదా, అందుకే ఆదివారం రమ్మన్నాడు అనుకున్నాడు. ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాడు కూడా.

ఆదివారం వెళ్ళేసరికి దావీదు ముందే వచ్చి ఉన్నాడు. వసారా చివర వాళ్ళమ్మ కరుణమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఓబులేసు ఆమెను పెద్దమ్మా అని పిలిచేవాడు. ఇవాళ ఏమని పలకరించాలో తెలియక చెప్పులు విప్పే వంకతో తల దించుకున్నాడు.

"బక్కపడ్డావేందిరా" అంది ఆమే ముందు.

చెన్నమల్లయ్య లోపలికి వెళ్ళి తంబురా తెచ్చాడు. దాన్ని తిన్నగా దావీదు భుజాన పెట్టాడు. తాళం కోసం మోగించే వేలి అందెలు తీసి అతని చేతికి తొడిగాడు. ఆయన ఉండగా ఆ తంబురాను వేరేవాళ్ళు ఎత్తడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

"ఇయ్యాల కథ నువ్వు చెప్పు. మీ ఊరి నీళ్ళ కథ. రాగం పోతే పోనీ, నీకొచ్చినట్టు చెప్పు" అన్నాడు గురువు.

తర్వాత ఆయన దావీదు డక్కీ తీసి తన మెడకు తగిలించుకున్నాడు. శిష్యుడి పక్కన, వంతగాడు నిలబడే చోట నిలబడ్డాడు. ఓబులేసు వంక చూసి, ఖాళీగా ఉన్న ఇంకో పక్కను కళ్ళతోనే చూపించాడు.

ఓబులేసు కదల్లేదు. మొహం ఎర్రబడింది.

"గురువుగారూ, మీరు ఏం చెప్పినా చేస్తాను. వాడికి మాత్రం నేను వంత పాడను."

తప్పు అతనిదే అనడానికి లేదు. మన భాషలో వంత పాడటమంటే ఎదుటివాడు చెప్పినదానికల్లా తలాడించడమనే అర్థం స్థిరపడిపోయింది. పోరాట సంఘం వాళ్ళకు తెలిస్తే ఏమంటారోనన్న భయం కూడా ఉంది అతనికి.

చెన్నమల్లయ్య నవ్వాడు.

"పదేళ్ళ నుంచి రావణాసురుడికి పాడతన్నావు గదరా. లంకలో ఇల్లేమన్నా కట్టుకున్నావా?"

కరుణమ్మ పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. ఓబులేసు ఇక చేసేది లేక వెళ్ళి నిలబడ్డాడు.

దావీదు తంబురా మీటి గొంతెత్తాడు. నవ్వించడానికి అలవాటుపడ్డ గొంతు, కథకు సరిగ్గా కుదరలేదు.

"తాతలు తవ్విన బావులలోన తడియే లేదయ్యా..."

బుర్రకథలో ఒక మర్యాద ఉంది. కథకుడు చరణం ముగించగానే వంతలు దాని తోక పట్టుకుని తిరిగి అనాలి. వంత పడందే కథకుడు తర్వాతి చరణం ఎత్తడు.

"తడియే లేదయ్యా" అన్నాడు గురువు, డక్కీ వాయిస్తూ. ముసలి గొంతు, అయినా ఖణీమని పలికింది.

ఓబులేసు డక్కీ మోగింది గానీ నోరు తెరుచుకోలేదు. దావీదు ఆగిపోయాడు.

"మళ్ళీ" అన్నాడు గురువు.

దావీదు మళ్ళీ పాడాడు. ఈసారి ఓబులేసు గొంతు లేచింది.

"తడి లేదంటూ పక్క ఊళ్ళను ముంచవచ్చునయ్యా?"

అప్పటికప్పుడు కట్టింది, రాగం తప్పలేదు, తాళం తప్పలేదు. ఇంకెక్కడైనా అయితే చప్పట్లు పడేవి. చెన్నమల్లయ్య డక్కీ మీద అరచెయ్యి వేసి మోత ఆపేశాడు.

"బాగుంది. కానీ అది జవాబురా. వంత కాదు. మళ్ళీ."

మూడోసారి ఓబులేసు పళ్ళు బిగించి "తడియే లేదయ్యా" అన్నాడు. కథ కదిలింది.

"బోరింగు నీట విషమున్నాదని బోర్డు పెట్టిరయ్యా..."

"బోర్డు పెట్టిరయ్యా."

"ఆ నీరే తాగీ మా అమ్మ నడుము వంగిపోయెనయ్యా..."

"వాళ్ళమ్మ నడుము వంగిపోయెనయ్యా" అన్నాడు ఓబులేసు.

గురువు మళ్ళీ మోత ఆపాడు.

"మాట మార్చావు."

"ఆమె వాడికి గదా అమ్మ, గురువుగారూ!"

"వాడేమన్నాడో అదే అను."

దావీదు చరణం మళ్ళీ ఎత్తుకున్నాడు. ఓబులేసు ఊపిరి పీల్చుకుని నోరు తెరిచాడు.

"మా అమ్మ నడుము..."

అక్కడ ఆగిపోయాడు. కళ్ళు తిప్పుకుందామనుకున్నా కరుణమ్మ వైపే పోయాయి. ఆమె గోడకు ఆనుకుని కూర్చుందని వచ్చినప్పుడు అనుకున్నాడు. ఆనలేదు. వీపు గోడను తాకడం లేదు. చెంబెడు నీళ్ళు తాగాలన్నా ఆ మనిషి తల ఎత్తలేదు, పక్కకు తిరిగి తాగాలి. ఎన్నేళ్ళుగానో ఆమె వంగి వడ్డిస్తే తిన్నాడు. ముసలితనం అనుకున్నాడు. ఆమెకూ తన తల్లికీ ఒకటే ఈడు. తన తల్లి ఈనాటికీ కొండెక్కి కట్టెలమోపు ఎత్తుకొస్తుంది. ఓబులేసుకు సిగ్గేసింది.

"మా అమ్మ నడుము వంగిపోయెనయ్యా" అన్నాడు పూర్తిగా. రాగం ఉందో లేదో అతనికే తెలియదు.

దావీదు తంబురా దించాడు. పాట రావడం లేదేమో, మాటల్లోకి దిగాడు. కథలో అదీ ఉన్నదే. అక్కడ వంతగాడు "ఆహా, అటుపిమ్మట?" అని అందుకోవాలి.

"అమ్మను పెద్దాసుపత్రికి తీసకపోయాను. ఫ్లోరైడు నీళ్ళకు ఎముకలు బిగుసుకపోయినయ్, ఇంక నిటారు కావన్నారు."

"అటుపిమ్మట?" అన్నాడు గురువు.

"మంచినీళ్ళు తాగించమన్నారు. అంతకు మించి మందు లేదన్నారు. ఇప్పుడు నా కూతురికి పళ్ళు మారతన్నయ్. కొత్తగా వచ్చే పళ్ళ మీద పసుపు చారలు కనపడతన్నయ్. అమ్మకీ మొదట అట్టాగే వచ్చినయ్యంట." దావీదు ఓబులేసు వైపు తిరిగాడు. "నన్నెవరూ ఎక్కించలేదురా. ఎవడన్నా నీళ్ళిస్తానంటే నేను వాడి పార్టీ అడగను, నువ్వడిగినా చెప్పను. పొద్దున్నే లేచి ఆ పిల్ల నోట్లోకి చూడటమే నా పని."

ఓబులేసు నాలుక చివర జవాబు సిద్ధంగా ఉంది. మంచినీళ్ళు పైపుల్లో కూడా తేవచ్చు, దానికి ఊరు ముంచాల్సిన పనిలేదు. మంచి జవాబే, అబద్ధం కూడా కాదు. రెండు నెలలుగా దిగువ ఊళ్ళన్నిట్లో అదే చెబుతున్నాడు. దాన్ని ఇప్పుడు ఎందుకో మింగేశాడు.

"అటుపిమ్మట?" అన్నాడు.

ఈసారి ఎవరూ అనమనలేదు. అతనికి నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

దావీదు తల అడ్డంగా ఊపాడు.

"అటుపిమ్మట ఏందో నాకూ తెలవదురా. గురువారం కట్ట కావాలనే అంటాను. నువ్వు ఏమన్నా అనుకో."

"నేను వద్దనే అంటాను" అన్నాడు ఓబులేసు.

"అను."

ఇద్దరి గొంతుల్లోనూ కోపం లేదు. అది ఉండిన చోట ఇప్పుడు దిగులు ఉంది. చెన్నమల్లయ్య మెడలోని డక్కీ తీసి గట్టు మీద పెట్టాడు. కథ అయిపోయిందనుకుని దావీదు అందెలు తీయబోయాడు.

అప్పుడు వసారా చివర నుంచి కరుణమ్మ అడిగింది.

"ఒరే ఓబులేసా, మరి మీ ఊరు మునిగితే మీ అమ్మ యాడికి పోద్దిరా?"

ఓబులేసు ఆమె వంక చూశాడు. రెండు నెలలు ఇన్ని ఊళ్ళు తిరిగాడు, ఇంతమందితో మాట్లాడాడు. ఈ మాట అతన్ని ఎవరూ అడగలేదు. చెప్పడంలో పడి, అడిగే సందు అతను ఎవరికీ ఇవ్వలేదు.

చెబుదామని నోరు తెరిచాడు. ముంపు లెక్కలు, చట్టాలు, సభల్లో ఈలలు వేయించిన మాటలు, అన్నీ ఎక్కడికి పోయాయో ఒక్కటీ అందలేదు. తల్లి ఎక్కడికి పోతుందో నిజానికి అతనికీ తెలియదు. అది ఎవరి ముందూ ఒప్పుకోలేదు, తనలో తను కూడా అనుకోలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

దావీదు అందెలు తీయడం మానేసి అలాగే నిలబడ్డాడు. కరుణమ్మ మెడ పక్కకు తిప్పి ఓబులేసు మొహంలోకే చూస్తోంది.

చెన్నమల్లయ్య చాప లాగి ఓబులేసు ముందు వేశాడు.

"కూచోని నిదానంగా చెప్పు" అన్నాడు. "ఇప్పుడు అడిగారుగా."