ఆకుపచ్చ చీర కింద ఎర్ర మరక

తాతయ్య రెండో చెప్పు దొరికిందా అంటావా? పొద్దున్నే వెతుకుదాం తల్లీ. ముందు దగ్గరికి జరుగు, కథ విను.

అనగనగా, మగ్గం చప్పుడుతో తెల్లారి మగ్గం చప్పుడుతోనే పొద్దుగూకే ఒక ఊళ్ళో, భావనయ్య అనే నేతగాడు ఉండేవాడు. ఆయన భార్య సూరమ్మ. వాళ్ళకు ఒక్కతే కూతురు, రత్నం. నీ అంత ఉంటుంది.

భావనయ్యది గుంటమగ్గం. గుంట అంచున కూచుని, కాళ్ళు లోపలికి దించి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేసేవాడు. చెక్క తొక్కితే టక్కు, నూలు మోసే నాడె అటూ ఇటూ పరిగెత్తితే సర్రు. టక్కు, సర్రు. ఆ పాట వింటూనే రత్నం నిద్రపోయేది. అది లేకపోతే దానికి నిద్ర రాదు.

అట్లా ఉండగా ఒక ఎండాకాలం భావనయ్యకు దాహం పట్టుకుంది. పొద్దున్నే నింపిన కుండ అన్నం వేళకే ఖాళీ. తాగడం, పెరట్లోకి పరిగెత్తడం. "మీ నాన్న కడుపులో చెరువు తవ్విస్తున్నాడే," అని సూరమ్మ నవ్వింది. ఎండలు కదా అనుకున్నారు. ఆ తర్వాత వానలొచ్చాయి. దాహం పోలేదు.

ఆ తర్వాత ఒకనాడు భావనయ్య సంత నుంచి ఒక్క చెప్పుతో ఇంటికొచ్చాడు. రెండోది ఎక్కడ జారిందో తెలీదట! పక్కింటి చిట్టెమ్మ గోడ మీంచి చూసి, "బావగారూ, వచ్చే సంతకు పంచె కూడా అక్కడే వదిలి వస్తారేమో," అంది. వీధంతా నవ్వింది. ఆయనా నవ్వాడు.

అప్పుడొక రోజు రత్నం గుంటలోకి తొంగి చూసింది. అడుగున ఎర్రగా తడి.

"అమ్మా, గుంటలో ఎర్రగా ఉంది."

"రంగు కారి ఉంటుందిలే. నేతగాళ్ళ ఇంట్లో రంగు కారక పాలు కారతాయా?"

నిజమే. ఆ ఇంట్లో గోడలకు రంగు, గిన్నెలకు రంగు, గోళ్ళల్లో రంగు. ఎర్రగా కనిపిస్తే అక్కడ ఎవరూ ఉలిక్కిపడరు.

రత్నం వెనక్కి తిరిగింది. మళ్ళీ ఆగింది. మగ్గం మీద ఉన్నది ఆకుపచ్చ చీర. అంచు కూడా ఆకుపచ్చే. ఇంట్లో ఎర్ర నూలు అయిపోయి చాన్నాళ్ళయింది.

"నాన్నా, కాలు పైకి తియ్యి."

"ఎందుకే?"

"తియ్యి నాన్నా!"

తీశాడు. చెక్కలోంచి పైకి లేచిన మేకు అరికాలిని చీల్చేసింది. పొద్దుటి నుంచీ ఆ మేకునే తొక్కుతున్నాడు.

"నొప్పి లేదే!" అన్నాడు తెల్లబోయి. ఆ మాటకే సూరమ్మ పట్నం బండి కోసం వీధిలోకి పరిగెత్తింది.

పట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. ఒంట్లో చక్కెర పెరిగిందట. ఆ దాహం అందుకేనట. పాదాలకు స్పర్శ పోయిందట, చెప్పు జారినా తెలీనిది అందుకేనట. చిటికెన వేలి సందున ఎవరూ చూడని పాత పుండు ఇంకోటి ఉంది. అది లోపలికి పాకింది. కాలు దక్కుతుందో లేదో చూడాలని ఆయన్ని ఆసుపత్రిలోనే ఉంచేసింది.

కాలు లేకపోతే మగ్గం లేదు.

రత్నానికి నిద్ర లేదు. పక్క వీధి మగ్గాలు వినిపించేవి. అవి నాన్నవి కావు. ఒకనాడు తనే గుంట అంచున కూచుని కాళ్ళు దించింది. చెక్కలు అందలేదు. ఉత్త గాలిలో కాళ్ళు ఊపుతూ, నోటితోనే అంది. టక్కు, సర్రు. టక్కు, సర్రు. సగం నేసిన చీర అట్లాగే ఉంది.

చలి మొదలయ్యాక భావనయ్య తిరిగొచ్చాడు. చిటికెన వేలు పోయింది. కాలు మిగిలింది.

అప్పటి నుంచీ దీపాలవేళ నాన్న మగ్గం దిగగానే, రత్నం ఆయన పాదాలు కడిగి, తుడిచి, ఒళ్ళో పెట్టుకునేది. అరికాలు, మడమ, వేళ్ళ సందులు.

చిట్టెమ్మ చూసి, "నాన్నంటే ఎంత భక్తే నీకు!" అంది.

"భక్తి కాదు పిన్నీ. ఆయన కాళ్ళు ఆయనకేమీ చెప్పవు. నాకు చెబుతాయి."

పెళ్ళయి వేరే ఊరు వెళ్ళాక కూడా, దీపాలవేళ అయితే రత్నం అరచేతులు ఆ పాదాల కోసం వెతుక్కునేవి. ఇవిగో, ఇప్పటికీ వెతుక్కుంటాయి.

ఇవాళ మీ తాతయ్య ఒక్క చెప్పుతో వస్తే మీ అమ్మా నువ్వూ పడీ పడీ నవ్వారు. నేను నవ్వలేదు, చూశావా? రేపు పొద్దున్నే ఆయన్ని రక్తపరీక్షకు తీసుకెళ్తాను. చెప్పు ఆ తర్వాత వెతుకుదాం.

ఇప్పుడు టార్చి పట్టుకో. ఆయన పడుకునే లోపు ఆ అరికాళ్ళు చూసొద్దాం. నువ్వు చక్కిలిగింత పెట్టు. "అబ్బా, వదలవే!" అని కాలు లాక్కున్నా సరే, రేపటి రక్తపరీక్ష తప్పదు. కానీ లాక్కోవాలని దణ్ణం పెట్టుకో తల్లీ.

నాడె నాన్న చేతికి,
పాదం పాప ఒడికి,
కథేమో కంచికి,
మనమేమో తాతయ్య మంచానికి.