సముద్రం లేచాక వెలిగిన బట్టీలు

అనగనగా ఒక ఊళ్ళో గాలి కూడా బద్ధకంగా పడుకునేదట. నవ్వకే, నిజమే చెబుతున్నా. ఆ ఊరికి మూడు పక్కలా కొండలు, నాలుగో పక్క సముద్రం. పెద్ద బాణలి అడుగున ఇళ్ళు సర్దిపెట్టినట్టు ఉండేది.

ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరికీ జీడిపిక్కల పని. పిక్కల్ని బట్టీలో కాల్చి, పెంకు కొట్టి, లోపలి పప్పు తీసేవాళ్ళు. పగలైతే బట్టీ సెగ భరించలేమని, చల్లపూట తెల్లారకముందే మంట వేసేవాళ్ళు. వాళ్ళ అమ్మలూ అంతే, అమ్మమ్మలూ అంతే.

అదిగో, తంటా అక్కడే వచ్చింది. జీడిపొగంటే మామూలు పొగ కాదు తల్లీ, అబ్బో, ఘాటు! కళ్ళు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. చలికాలం తెల్లవారుజామున ఆకు కూడా కదలదు. పొగ ఎటూ పోలేక ఇళ్ళ మీదే పరుచుకుని ఉండేది.

ఆ బట్టీల దగ్గర పనిచేసే బంగారమ్మకి ఒక్కతే కూతురు, నీలవేణి. అచ్చం నీ అంతే ఉంటుంది. వానాకాలమంతా గెంతులే గెంతులు. చలికాలం వచ్చిందో, ఛాతీలో పిల్లికూతలు మొదలు. ఆ ఏడు మరీ ఎక్కువైపోయింది. "ఈ పొగలో ఉంచితే పిల్ల నీకు దక్కదమ్మా, ఎక్కడికైనా పంపెయ్" అన్నాడు వైద్యుడు.

పాపం, బంగారమ్మ ఆ రాత్రే పిల్ల బట్టలు మూట కట్టింది. కొండ అవతల అక్క ఊరుంది. అక్కడే వదిలేద్దామని, మర్నాడు వేకువనే పిల్లని భుజాన వేసుకుని కొండెక్కింది. పిల్ల మెడ చుట్టూ చేతులు వేసి, "నువ్వూ ఉంటావా అమ్మా అక్కడ?" అంది. బంగారమ్మ పిల్లని ఇంకాస్త గట్టిగా పట్టుకుని నడుస్తూనే ఉంది.

కొండ మీదకి చేరాక వెనక్కి తిరిగి చూసింది. ఊరేది? ఊరే లేదు! బూడిదరంగు దుప్పటి ఒకటి పరిచి ఉంది, అంతే.

అప్పుడు బంగారమ్మకి ఒళ్ళు మండింది. "ఓ కొండా, అడ్డంగా కూర్చుని మా ఊరిని పొగలో ఊపిరాడకుండా చేస్తున్నావు. కాస్త జరగరాదూ?" అంది.

కొండ మెల్లగా, నిద్రమత్తులో మాట్లాడింది. "నేను జరిగితే మబ్బుని ఎవరాపుతారే? వాన లేకపోతే మీ జీడితోటలెక్కడివి?"

ఆ తర్వాత బంగారమ్మ మబ్బుని పిలిచింది. ఎక్కడో దక్షిణాన, దూరంగా, పత్తిపింజంత మబ్బు వినిపించీ వినిపించకుండా పలికింది. "మృగశిర రానీ, వస్తాను. మీ గాలిని కడిగి ఆరేస్తాను. అందాకా మాత్రం మీరే చూసుకోవాలమ్మా."

ఆ తర్వాత సముద్రాన్ని అడిగింది. "నీకు గాలికి కొదవా? ఓ దోసెడు పంపితే నీ సొమ్మేం పోయింది?"

సముద్రం ఒళ్ళు విరుచుకుంది. "ఎండ మీ నేలని వెచ్చబెడితే గానీ నా గాలి లేవదు. నేను లేవకముందే మిమ్మల్ని పొయ్యిలు ఎవరు వెలిగించమన్నారు?"

బంగారమ్మ అక్కడే కూలబడింది. ఎండెక్కింది. అప్పుడు సముద్రం మీంచి గాలి వచ్చింది. బూడిదరంగు దుప్పటి ఓ మూల లేచింది, మెల్లమెల్లగా కొండల మీదుగా తేలి ఎటో వెళ్ళిపోయింది. కింద ఇళ్ళు, పెరళ్ళు, ఆరేసిన చీరలు ఒక్కొక్కటే కనిపించాయి. పిల్ల కళ్ళు విప్పి చూసింది.

ఇక అక్క ఊరికి వెళ్ళలేదు. పిల్లతో గబగబా కిందికి దిగి, బట్టీల దగ్గర అందరినీ పిలిచి, "సముద్రపు గాలి లేచాకే మంట వేద్దామే" అంది.

అందరికంటే పెద్దదైన కన్నమ్మ కస్సుమంది. "బాగుందే వరస! ఎండలో బట్టీ ముందు కూర్చుని మేం కూడా పిక్కల్లా వేగాలా?"

బంగారమ్మ వాదించలేదు. "అత్తా, ఒక్కసారి దీని వీపుకి చెవి ఆనించు. అప్పటికీ కాదంటే రేపే తీసుకెళ్ళి వదిలేసొస్తాను" అంది.

కన్నమ్మ చెవి ఆనించింది. విన్నది. చాలాసేపు విన్నది. ఆ తర్వాత లేచి, బిందెడు నీళ్ళు తెచ్చి తన బట్టీలోనే కుమ్మరించింది. "వేగితే వేగుతాం. పెద్దముండలం, మాకేం?" అంది, పమిటకొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

మర్నాడు కన్నమ్మా, బంగారమ్మా గాలి లేచేదాకా ఆగారు. ఆ మర్నాడు సగం వీధి ఆగింది. ఆ తర్వాత ఊరంతా ఆగింది. చెమటలు కారేవి, ఒళ్ళు కమిలేది. ఒకరినొకరు తిట్టుకుంటూ, నవ్వుకుంటూ చేసుకున్నారు. గాలి లేవని రోజున బట్టీ అన్నదే లేదు, చద్దన్నం తిని కూర్చునేవాళ్ళు.

ఓ రోజు తెల్లవారుజామున బంగారమ్మ ఉలిక్కిపడి లేచింది. ఇల్లంతా నిశ్శబ్దం. పిల్లికూతలు వింటూ నిద్రపోవడం అలవాటైన తల్లి కదా, ఆ నిశ్శబ్దానికి హడలిపోయింది! పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టింది.

"అబ్బా, పడుకోనీ అమ్మా" అని విసుక్కుని, నీలవేణి అటు తిరిగి పడుకుంది.

బంగారమ్మ ఆ గడప మీద కూర్చుని తెల్లారేదాకా ఏడ్చింది, సంతోషంతో.

కొండెక్కి మబ్బొచ్చె, కడలొదిలి గాలొచ్చె,
కథ కాస్తా కంచికెళ్ళె, కునుకేమో ఇంటికొచ్చె.