తోక ఆగని చలికాలపు చుట్టం

ఒకప్పుడు, ఇప్పుడు మనం తోకాడిపిట్ట అంటున్నామే, అది తోక ఆడించేదే కాదు. నమ్మరా? నిజమర్రా! మట్టిగడ్డల మధ్య తనూ ఓ మట్టిగడ్డలా ముడుచుకుని కూర్చునేది. కదిలితే డేగ తన్నుకుపోతుందని దాని భయం.

చలికాలం రాగానే కొల్లేటికి బాతులూ కొంగలూ వేలకు వేలు దిగేవి. వాటి కోసం ఎవరూ వెతికేవాళ్ళు కాదు. ఊరంతా ఎదురుచూసేది ఈ బూడిదరంగు బుల్లిదాని కోసం. ఏడాదికి ఒక్కటంటే ఒక్కటి వచ్చేది. అదొస్తే చలి నిలబడ్డట్టు. అప్పుడే మినుములు చల్లాలి. ముందే చల్లితే పురుగు తినేస్తుంది. ఆలస్యమైతే చేలో పదును ఆరిపోయి గింజ మొలవదు.

దాన్ని వెతికి "వచ్చింది" అని చెప్పే పని నాంచారమ్మది. తెల్లవారగానే గట్ల వెంట తిరిగేది. చెవిన పడితే చాలదు, కంటితో చూస్తేనే చెప్పాలి. అదీ కట్టుబాటు.

ఆ ఏడు నాంచారమ్మ కళ్ళకి పొర కమ్మింది. చెబితే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారని బెంగపడి, గుట్టుగా ఊరుకుంది. తొమ్మిది రోజులు తిరిగింది. పిట్ట కంటికి ఆనలేదు.

పదోరోజు పొద్దున్నే రైతు పిచ్చయ్య ఎదురొచ్చాడు. అతని గుప్పిట్లో మట్టి పొడిపొడిగా రాలుతోంది.

"అత్తా, రేపటికి పదునుండదు. చూశానని అనెయ్యరాదూ? ఎవడొచ్చి అడుగుతాడు?"

"నోర్ముయ్యరా! చూడందాన్ని చూశానంటే ఈ నోట్లో పురుగులు పడవూ?"

అరిచిందే గానీ, గట్టు చివరికి పోయి కూలబడి ఏడ్చింది. "మాయదారి కళ్ళు! నా మూలంగా ఊరి పంట పోతోంది. కనబడట్లేదని ముందే చెప్పాల్సింది. ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తా."

"వెళ్ళకు మామ్మా!" అని సన్నగా వినిపించింది. "నేనొచ్చి తొమ్మిది రోజులైంది. రోజూ నీ కాళ్ళ ముందే ఉన్నా."

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ఎక్కడే?" ఎంత చూసినా మట్టిగడ్డలే. "వినబడ్డావు గానీ కనబడలేదు తల్లీ. కనబడందే నేను చెప్పకూడదు. ఒక్క రవ్వ కదలవే!"

"అమ్మో, డేగ!"

"డేగ సంగతి నేను చూసుకుంటాలే, కర్ర ఉందిగా."

"నేనే కనబడను నీకు, డేగేం కనబడుతుంది?"

నాంచారమ్మకి ఏడుపులోనే నవ్వొచ్చింది. "అదీ నిజమే!"

పిట్ట ఆలోచించింది. అబద్ధమాడితే తీరిపోయే కష్టానికి ఈ ముసలామె అబద్ధమాడలేదు. ఆమె కోసం ఆమాత్రం కదలలేనా అనుకుంది. ఒళ్ళంతా బిగబట్టి, తోక మాత్రం పైకీ కిందకీ ఊపింది. తోక అంచున తెల్ల ఈక తళుక్కుమని నాంచారమ్మ మసక కళ్ళకీ ఆనింది.

"వచ్చిందర్రోయ్! చుట్టం వచ్చింది!"

ఆ కేకకి పైన తిరుగుతున్న డేగ బెదిరి ఎటో పోయింది. ఊరంతా గింజల బుట్టలతో చేలల్లోకి పరుగెత్తింది.

సాయంత్రం నాంచారమ్మ తన కళ్ళ సంగతి అందరికీ చెప్పేసింది. పిచ్చయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వచ్చే ఏడూ నువ్వే చూడాలత్తా. గట్టుదాకా మేం నడిపిస్తాం." వారానికి మినుము మొలకెత్తింది.

అప్పటినుంచే ఆ పిట్ట ఎక్కడ వాలినా తోక ఆడిస్తూనే ఉంటుంది. మసక కళ్ళవాళ్ళెవరైనా తనకోసం గట్టుమీద వెతుకుతున్నారేమోనని.