చినుకు పాట

అనగనగా ఒక ఇప్పచెట్ల అడవి. పిల్లలూ, ఆ అడవి ఇప్పుడు లేదు. మా నాయనమ్మ చెప్పగా విన్నదే. అయినా ఆ కథ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఇప్పపూల వాసన వస్తుంది.

ఆ అడవిలో ఒక ఆచారం ఉండేది. ఎవరికి బిడ్డ పుట్టినా గుబురన్న అనే ముసలి ఎలుగుబంటి వచ్చి, ఆ బిడ్డ మీద కొత్త పాట కట్టేవాడు. ఒక బిడ్డ పాట ఇంకో బిడ్డకు చచ్చినా పాడేవాడు కాదు. సాయంత్రం అందరూ వాగు ఒడ్డున చేరి, ఎవరి బిడ్డ పాట వాళ్లు అడిగి మరీ పాడించుకునేవారు. ఎండాకాలం రాలిన ఇప్పపూలు పంచుకునేటప్పుడు పాటకూ ఒక వాటా తీసేవారు. ఎంత మంచి రోజులో!

ఒక ఏడు వానలు సరిగా కురవలేదు. పువ్వు తక్కువ రాలింది. ఆ ఏడు పెద్దరికం అడవిపంది కోరయ్యది. మాట కటువే గానీ మనసు చెడ్డది కాదు. పూల కుప్ప ముందు నిలబడి అన్నాడు:

"పాట కడుపు నింపుతుందా? దుంపలు తవ్వినవాడికే పువ్వు. గుబురన్నా, ఇంతింత గోళ్లున్నాయి నీకు. రేపటి నుంచి నువ్వూ తవ్వు!"

అందరూ ఎవరి వాటా పువ్వు వాళ్లు ఎత్తుకున్నారు. లేడి చుక్కమ్మ కూడా తన వాటా ఎత్తుకుంది. అప్పటికి తన కూన చినుకు పక్కనే గెంతుతోంది మరి.

"సరేలే నాయనా," అని గుబురన్న దుంపల గుంతలోకి దిగాడు. పొద్దు గూకేసరికి నడుం పట్టేసేది. ఇంకేం పాట? వాగు ఒడ్డు బోసిపోయింది. తిండికి మాత్రం లోటు లేదు. కోరయ్య మీసం దువ్వుకున్నాడు. పందికి మీసమేమిటని అడక్కండి, కథలో ఉంటుంది.

మరుసటి ఏడు వానాకాలంలో వాగు పొంగింది. చినుకు అందులో కొట్టుకుపోయింది.

చుక్కమ్మ ఏడవలేదు. వాగు వైపే చూస్తూ కూర్చుండిపోయింది.

మొదటి రోజు కోతి వచ్చి మాగిన పళ్లు పెట్టింది. "ఒక్కటి తిను వదినా," అంది. చుక్కమ్మ తల తిప్పలేదు. రెండో రోజు కుందేలు లేత గడ్డి తెచ్చింది. చుక్కమ్మ వాసన కూడా చూడలేదు. మూడో రోజు కోరయ్యే వచ్చి, దాచిన ఇప్పపూలన్నీ చుక్కమ్మ ముందు పోశాడు.

"తినమ్మా. ఇట్లా అయితే నువ్వూ మాకు దక్కవు," అన్నాడు.

చుక్కమ్మ మెల్లగా అంది: "అన్నా, దాని పాట పాడించవా? దాని మొహం మరిచిపోతానేమోనని భయంగా ఉంది."

కోరయ్య గుంత దగ్గరికి పరుగెత్తి గుబురన్నను తీసుకొచ్చాడు. గుబురన్న గోళ్ల నిండా మట్టి. గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు:

"తొలకరి జల్లులో పుట్టింది చినుకు..."

అంతే, ఆగిపోయాడు. "తర్వాతది రావట్లేదమ్మా. పాడి ఏడాది దాటింది," అని తల పట్టుకున్నాడు.

అప్పుడు వెనక నుంచి ఒక మొరటు గొంతు అందుకుంది:

"తూనీగ వెంట పరుగే దానికి..."

కోరయ్య! పాట ఎందుకన్న కోరయ్యే! వాగు ఒడ్డున అన్నాళ్లు విన్నాడు కదా, ఎక్కడికి పోతుంది? మూడో ముక్క కోతి అందుకుంది:

"ఏ గుట్ట ఎక్కినా, ఏ వాగు దాటినా..."

ఆఖరి ముక్క చుక్కమ్మే పాడింది:

"అమ్మ పక్కనే చినుకుకు కునుకు."

పాడి భోరుమంది. మూడు రోజుల ఏడుపూ ఒక్కసారే వచ్చింది. అందరూ చుట్టూ చేరి ఏడ్చారు. ఏడ్చి ఏడ్చి, ఆ తడి మొహంతోనే చుక్కమ్మ ఒక ఇప్పపువ్వు నోట పట్టింది.

"గుబురన్నా," అన్నాడు కోరయ్య, "రేపటి నుంచి నీ గుంత నేను తవ్వుతా. నువ్వు మా పిల్లల పాటలన్నీ గుర్తు తెచ్చుకో."

కథ అయ్యాక నాయనమ్మ ఎప్పుడూ ఆ పాట మళ్లీ ఎత్తుకుని, ఆఖరి ముక్క దగ్గర ఆగి, మమ్మల్ని పాడమనేది. ఇప్పుడు నాయనమ్మ లేదు. నేనూ అక్కడే ఆగుతున్నా. మీరు పాడండి.

నీతి: తిండి ప్రాణాన్ని నిలుపుతుంది. ఆ ప్రాణానికి మళ్లీ బతకాలనిపించేది కళ.