చెంగమ్మ దాచిన చేదు గింజలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పులి లేదు, సింహమూ లేదు, కాబట్టి ఎవరూ నా కొంగు పట్టుకోనక్కర్లేదు. ఉన్నదల్లా ఒక వాగు. వానాకాలం అది ఒడ్లు ఒరుసుకుంటూ పారేది. చలికాలం పోయేసరికి నీళ్ళు తగ్గి ఇసుక తిన్నె బయటపడేది. ఆ ఇసుకలో జంతువులన్నీ తలా ఒక పాదు చేసుకుని దోస గింజలు పెట్టుకునేవి. నడి వేసవిలో వాగు ఎండిపోయాక వాటికి దోసపండే తిండి, దోసపండే నీళ్ళు.

ఆ అడవికి పెద్ద బొంతయ్య అనే ఎలుగుబంటి. తేనె నాకి నాకి తీపి మరిగిన నాలుక ఆయనది. ఏటా అందరి పండ్లూ రుచి చూసి, "ఇదీ పండంటే!" అని ఒక్కదాన్ని ఎంచేవాడు. మరుసటి ఏడు ఆ ఒక్క పండు గింజలే అందరికీ పంచేవాడు. మిగతా గింజలన్నీ వాగుపాలు. ఒడ్డు మీద పొదల్లో బుడమ తీగ కనిపిస్తే పీకించేసేవాడు. బుడమ తెలుసుగా? మీ అమ్మమ్మ వరుగులు చేసి వేయిస్తుందే, ఆ బుల్లి కాయలే.

"దాని పుప్పొడి మన పువ్వులో పడిందా, వచ్చే ఏడు పండ్లన్నీ చేదే," అనేవాడు బొంతయ్య.

అందరూ తలలూపేవారు. ఊపనిది ఒక్క కుందేలు చెంగమ్మ. పాపం, ఆమెకి చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు. "ఎందుకు?" అని అడిగే జబ్బు.

ఒక వేసవి మొదట్లో చెంగమ్మ పక్కింటి ఏదుపంది సూదమ్మ కేకేసింది. "ఒదినా, నా ఆకుల మీద ఎవరో పిండి చల్లారు, చూడు!"

పిండి కాదు, బూడిద తెగులు. వారం తిరిగేసరికి తిన్నె అంతా తెల్లబడింది. ఆకులు ముడుచుకుపోయాయి, పిందెలు రాలిపోయాయి. ఒకే పండు గింజలు కదా, ఒక తీగకి తగిలింది అన్నిటికీ తగిలింది.

బొంతయ్య అందరినీ పిలిచాడు. "దుంపలు తవ్వుకుని ఈ ఎండలు గడుపుదాం. పై రెండు వేసవులు చూద్దాం. అప్పటికీ పంట లేకపోతే కొండ దాటి పోవాల్సిందే."

కొండకి అవతల వేటకుక్కలు ఉన్నాయి. పెద్ద కాళ్ళున్న బొంతయ్య ఎలాగో దాటేస్తాడు. చిన్న పిల్లల్ని వేసుకుని కుందేలు ఎలా దాటుతుంది?

ఇంటికొస్తూ చెంగమ్మ తన పాదు దగ్గర ఆగింది. ఆమె పాదు ఒడ్డుకి ఆనుకుని ఉంటుంది. అక్కడ రేగు పొద చాటున, పీకేవాళ్ళ కంటపడకుండా ఒక బుడమ తీగ పాకుతోంది. దాని ఆకులూ తెగులు పట్టిన దోస ఆకులూ ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. అయినా బుడమ పచ్చగా నవనవలాడుతోంది.

"అవునూ, నీకెందుకు అంటలేదే?" అని అడిగింది చెంగమ్మ.

తీగ ఏం చెబుతుంది? కాసేపు చూసి చూసి, "పుప్పొడితో చేదు వస్తే, ఈ బలమూ రాదా?" అనుకుంటూ ఆమె దోస తీగ మీదకి వంగింది. మగ పువ్వులన్నీ రాలిపోయాయి. చివర పిందెతో ఒక్క ఆడ పువ్వు మాత్రం మిగిలింది. అటుగా పోతున్న తేనెటీగని పిలిచింది.

"అమ్మా, ఆ బుడమ పుప్పొడి కాస్త ఈ దోసపువ్వులో దులిపి పోతావా?"

"ఓసోస్! నేను పొద్దస్తమానం చేసేది ఆ పనే కదా," అంది తేనెటీగ. "వద్దని గోల చేసేది మీరే!"

ఆ పిందె నిలిచింది. అతి కష్టం మీద పండయింది. ఆ గింజల్ని చెంగమ్మ బొరియలో భద్రంగా దాచింది.

రెండో ఏడు అందరూ బొంతయ్య కుండలో మిగిలిన పాత గింజలే పెట్టుకున్నారు. చెంగమ్మ తన గింజలు పెట్టింది. మళ్ళీ బూడిద వచ్చింది. తిన్నె అంతా తెల్లబడింది, చెంగమ్మ పాదు తప్ప! అందరూ పరుగెత్తుకొచ్చారు. బొంతయ్య ఒక పండు కోసి నోట్లో పెట్టుకున్నాడు. అంతే! కళ్ళు మూసుకుపోయాయి, మూతి వంకరపోయింది.

"థూ! థూ! కాకరకాయకి అక్కలా ఉందే! బుడమని కలిపావా?"

"కలిపాను మావా. తెగులు రాలేదు కదా?"

"తెగులు రాకపోతే మాత్రం ఇది నోట పెట్టేదేనా? గింజలన్నీ వాగులో పారెయ్. ఇది మళ్ళీ మొలిస్తే ఉన్న తీపి కూడా పోతుంది."

"ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అని సూదమ్మ ముళ్ళు గలగలలాడిస్తూ వెళ్ళిపోయింది. వెళ్ళిందే గానీ, ఆ వేసవంతా ముక్కు మూసుకుని అందరూ తిన్నది ఆ చేదు పండ్లే. ఆకలి రుచెరగదు మరి!

వేసవి చివర, తొలకరికి వాగులో నీళ్ళు రాగానే, చెంగమ్మ గింజలన్నీ ఆకులో మూటగట్టి వాగు దగ్గరికి బయల్దేరింది. మనసంతా చేదుగా ఉంది. "తల్లి దోస అంత తియ్యనిదే, ఆ తీపి ఎక్కడికి పోయింది? ఎందుకు పోయింది?" అని గొణుక్కుంటూ నడిచింది.

అప్పుడే వెనక నుంచి ఆమె పిల్లలు గెంతుకుంటూ వచ్చాయి. ఆ నెలలోనే పుట్టిన పిల్లలు. అందులో ఒక బుజ్జిది తల్లి కాళ్ళకి అడ్డం పడింది. దాని నుదుటి మీద తెల్లటి మచ్చ ఉంది.

చెంగమ్మ ఆ మచ్చని అలా చూస్తూ ఉండిపోయింది. ఆ మచ్చ చెంగమ్మకి లేదు, వాళ్ళాయనకి లేదు. చచ్చిపోయిన వాళ్ళమ్మకి ఉండేది. అచ్చం అక్కడే, అచ్చం అలాగే.

"అమ్మా! నువ్వు ఎక్కడికీ పోలేదే!" అని బిడ్డని ఎత్తుకుని ఏడ్చేసింది. "నాలోనే దాక్కున్నావు. నాకు తెలియకుండా నాలో ఉండి, ఇదిగో, దీని నుదుటి మీద బయటికొచ్చావు!"

ఏడుస్తూ ఏడుస్తూ టక్కున ఆగింది. చేతిలో మూట వంక చూసింది. అయితే ఆ తీపి కూడా పోలేదేమో! చేదు వెనకాల నక్కి కూర్చుందేమో!

మూట వాగులో పడలేదు. తిరిగి బొరియ చేరింది.

మూడో ఏడు చెంగమ్మ ఆ గింజలన్నీ పెట్టింది. ఒక్కటి కూడా ఏరి పారెయ్యలేదు. సగం తిన్నె ఆమె పాదులే! తీగలు పాకాయి. చూద్దుము కదా, ఒక్కో తీగ ఒక్కో తీరు. కొన్ని ఆకులు పచ్చగా, కొన్ని తెల్లగా. కొన్ని కాయలు బుడమంత, కొన్ని గుమ్మడంత.

"ఇది పాదా, సంతా?" అంది సూదమ్మ నవ్వుతూ. కానీ ఆమె కళ్ళలో నవ్వు లేదు. మిగిలిన తిన్నె అంతా మళ్ళీ బూడిదే. కొండ దాటడానికి మూటలు కట్టేశారు అందరూ.

"వెళ్ళేముందు రుచి చూసి పో మావా," అని చెంగమ్మ బొంతయ్యని బతిమాలింది.

మొదటి పండు పచ్చటి తీగది. కొరికాడు. చేదు! ఉమ్మేశాడు.

రెండోది తియ్యగానే ఉంది. కానీ దాని తీగ బూడిదతో చచ్చిపోతోంది. తల అడ్డంగా ఊపాడు.

మూడోదీ పచ్చటి తీగదే. భయం భయంగా కొరికాడు. నమిలాడు. మళ్ళీ కొరికాడు. కళ్ళు పెద్దవయ్యాయి. మాటా పలుకూ లేకుండా గబగబా తినేస్తున్నాడు!

"గింజలు ఉమ్ము మావా, గింజలు!" అని చెంగమ్మ ఎగిరి ఆయన గడ్డం పట్టుకుంది. అందరూ ఒకటే నవ్వు. బొంతయ్య జాగ్రత్తగా ఒక్కో గింజా ఆమె చేతిలో ఉమ్మాడు. వెతగ్గా వెతగ్గా అలాంటి తీగలు ఇంకొన్ని దొరికాయి. మూటలు విప్పేశారు. ఎవరూ కొండ దాటలేదు.

బొంతయ్య సంబరంగా ఒక బండ ఎక్కాడు. "వచ్చే ఏడు నుంచి ఈ ఒక్క పండు గింజలే అందరికీ! ఇంక ఆ బుడమతో పనేముంది, పీకేయండి!"

అందరూ తలలూపారు. చూశారా వాళ్ళ అలవాటు! చెంగమ్మకి ఒళ్ళు మండింది.

"మళ్ళీ మొదటికే వచ్చావా మావా? ఈ బూడిదకి ఈ తీగ తట్టుకుంది. రేపు ఇంకో కొత్త తెగులొస్తే? అప్పుడు కావలసింది ఏ చేదు కాయలో దాక్కుందో నీకు తెలుసా? నాకు తెలియదు. అందుకే ఏదీ పారెయ్యను."

ఆమె పక్కన తెల్లమచ్చ బుజ్జిది దోస తొక్క కొరుకుతోంది. బొంతయ్య బండ దిగాడు. ఒడ్డుకెళ్ళి, బుడమ తీగ చుట్టూ తన చేతులతోనే ముళ్ళకంప నాటాడు. మంచి తీగలన్నిటి గింజలూ వేరు వేరు కుండల్లో పోయించాడు. చేదువాటికీ ఒక కుండ పెట్టించాడు.

ఆ తరవాత ఏటా గింజలు పెట్టే రోజున బొంతయ్య అందరికంటే ముందు ఒక బుడమకాయ కొరికేవాడు. మూతి వంకర పెట్టి "థూ!" అనేవాడు. అని, చెంగమ్మ వైపు తిరిగి, "ఉండనీ అమ్మాయ్, ఉండనీ," అనేవాడు.

నీతి: ఇవాళ చేదని పారేసిన గింజలోనే రేపు మనల్ని బతికించే బలం దాగి ఉండొచ్చు.