కారు చక్రాలకు బిళ్ళలు వేసిన ఇల్లు

చినలంకలో సూరమ్మ ఇంటి తెలివి అంతా ఇంతా కాదు. ఎక్కువైన తెలివి పక్కింట్లోకి ఒలికిపోతుందేమోనని ఆవిడ ప్రహరీగోడ మీద ఇంకో వరస ఇటుకలు పెట్టించింది. కొడుకులు తాతబ్బాయి, బుల్లియ్య. "మనకున్న బుర్ర జిల్లాలో ఇంకెవరికీ లేదురా," అని తాతబ్బాయి అంటే, "ఉంటే ఈపాటికి కనబడదూ?" అనేవాడు బుల్లియ్య.

సూరమ్మ అల్లుడు దొరబాబుకి ఓ ఎర్ర స్పోర్ట్స్ కారుంది. చూడ్డానికి చిరుతపులిలా ఉంటుంది గానీ, చక్రాలు మాత్రం మడ్‌గార్డుల కింద లోపలికి పోయి, చలికి కాళ్ళు ముడుచుకున్న మేకలా కనిపించేది. ఆదివారం రాజమండ్రిలో కార్ల అందాల పోటీ. ఈసారీ బహుమతి రాకపోతే కారు అమ్మేస్తానని పెళ్ళాం నూకరత్నానికి ఒట్టేశాడు పాపం. అందుకని స్పేసర్లు తెప్పించాడు. అంటే చక్రానికీ ఇరుసుకీ మధ్య పెట్టే గుండ్రటి లోహపు బిళ్ళలు. అవి పెడితే చక్రం కాస్త ఇవతలికి జరిగి గార్డు అంచుతో సమానంగా నిలబడుతుంది.

శనివారం పొద్దున్నే కారు తెచ్చి అత్తగారి వాకిట్లో పెట్టాడు. స్పేసర్ల డబ్బా అరుగు మీద ఉంచి, వాటికి సరిపడే పొడుగు బోల్టుల కోసం బస్సెక్కి టౌనుకు పోయాడు. కొట్లో ఆలస్యమైంది. ఈలోగా పని కాస్త ముందుకు జరుగుతుంది కదా అని తాతబ్బాయి సెల్లుకి ఫోన్ చేశాడు. అదే కొంప ముంచింది.

"ఒరే తాతబ్బాయ్, నేనొచ్చేలోపు చక్రాలు విప్పి బయటికి తీసి పెట్టండి."

"ఓస్, అంతేనా బావా!"

అంతే. కారును ఇటుకల మీద నిలబెట్టి, చక్రాలు విప్పి, దొర్లించుకుంటూ గేటు దాటించారు.

"ఇది మనింటికే బయటరా," అంది సూరమ్మ. "ఊరికి లోపలే కదా!"

ఇంకేముంది! ఊరు దాటించి, ఇటుకల బట్టీ దగ్గర ఎర్రటి ఎండలో పెట్టి చేతులు దులుపుకున్నారు. మళ్ళీ ఫోన్ మోగింది.

"తీశారట్రా?"

"తీశాం బావా. ఇంతకన్నా బయట ఈ ఊళ్ళో లేదు."

"శభాష్! ఒక్కోదానికి ఒక్కో బిళ్ళ వేసి చూడండి."

వాళ్ళకి తెలిసిన బిళ్ళలు ఒకటే రకం. సూరమ్మ పరుగున పోయి జ్వరం బిళ్ళల అట్ట తెచ్చింది. బుల్లియ్య అనుమానమొచ్చి బావకి మళ్ళీ ఫోన్ చేశాడు. "బావా, బిళ్ళ భోజనానికి ముందా, తర్వాతా?"

వీళ్ళకి ఆకలేస్తోందనుకున్నాడు దొరబాబు. "ముందు భోజనం కానివ్వండిరా. ఆ తర్వాతే బిళ్ళ."

ఇంకేముంది! పప్పన్నం కలిపి ముద్దలు చేసి చక్రాలకు పెట్టారు. అవి తినలేదు. "ఊరు కొత్త కదా, మొహమాటపడుతున్నాయి," అని సూరమ్మ ఇంకాస్త నెయ్యి వేసి కొసరి కొసరి పెట్టింది. తర్వాత బిళ్ళలు నీళ్ళలో కరిగించి పోశారు. తాతబ్బాయి ఒక టైరు మీద చెయ్యేసి అదిరిపడ్డాడు. "అమ్మో! ఒళ్ళు కాలిపోతోందే!" అంతే, తడిగుడ్డలు వేశారు, దుప్పట్లు కప్పారు.

దొరబాబు వచ్చేసరికి వాకిట్లో కారుంది, చక్రాల్లేవు. వెతుక్కుంటూ బట్టీ దగ్గరికి పోతే చక్రాలు దుప్పట్లు కప్పుకుని ఉన్నాయి, చుట్టూ కుక్కలు పప్పన్నం నాకుతున్నాయి, అత్తగారు విసనకర్రతో విసురుతోంది. అతను కాసేపు ఇటుకల మీద కూలబడ్డాడు. తర్వాత లేచి, చక్రాలు తనే దొర్లించుకొచ్చి, కడిగి, స్పేసర్లు పెట్టి, కొత్త బోల్టులు బిగించాడు.

"కాస్త దూరం నడిపించి తీసుకురండి. మళ్ళీ ఓసారి బిగించాలి," అని తాళం తాతబ్బాయి చేతిలో పెట్టాడు.

"తాళమెందుకురా?" అన్నాడు బుల్లియ్య. "నడిపించమన్నాడు గానీ తోలమన్నాడా?"

అంతే. కారు ముక్కుకి పలుపుతాడు కట్టి బుల్లియ్య ముందు నడిచాడు. తాతబ్బాయి వెనక తోశాడు. సూరమ్మ పక్కన "హై, హై" అంటూ అదిలించింది. కారు కాలవగట్టు ఎక్కేదాకా బుద్ధిగా నడిచింది. దిగేటప్పుడు పరుగందుకుంది. "నడవమన్నాడే తల్లీ, పరిగెత్తకే!" అని బుల్లియ్య దాని ముందు పరిగెడుతూ బతిమాలాడు. వింటేనా! కోళ్ళగూడు పడగొట్టి, గడ్డివాములో తల దూర్చి ఆగింది.

బుల్లియ్య గడ్డిలోంచి మొహం బయటపెట్టాడు. "దీనికి పప్పన్నం సయించలేదన్నయ్యా. గడ్డి కోసం వచ్చింది."

ఏం అదృష్టమో, కారు మీద గీత కూడా పడలేదు. దొరబాబు దాన్ని వాకిట్లోకి తెచ్చి, బోల్టులు మళ్ళీ బిగించి, వెనక్కి జరిగి చూశాడు. చక్రాలు గార్డు అంచుతో గీత గీసినట్టు ఉన్నాయి. అతని కళ్ళు చెమర్చాయి. పొద్దుట్నించీ పడ్డ బాధంతా మరిచిపోయి బావమరుదుల భుజాల మీద చేతులేశాడు.

"చూశారట్రా! ఇలాంటి కారు నేలకి ఎంత దగ్గరగా ఉంటే అంత అందం. ఇంకో రెండంగుళాలు కిందికి దించామంటే దీనికి సాటే లేదు," అని స్నానానికి పోయాడు.

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. పెరట్లో నీళ్ళ సంపు కోసం తవ్వించిన గొయ్యి ఉంది. ఇంకేముంది! కారును అక్కడికి తోసి, మోకులు కట్టి, మెల్లగా దించడం మొదలెట్టారు. మోకు జారింది. ధబ్!

దొరబాబు తల తుడుచుకుంటూ వచ్చేసరికి ముగ్గురూ పారలతో గోతిలోకి మట్టి పోస్తున్నారు. అడుగున ఎర్రటి కారు కప్పు కాస్త కనిపిస్తోంది.

"ఓరి నాయనోయ్! ఏం చేస్తున్నార్రా?"

"చెయ్యి జారి రెండంగుళాల కంటే కాస్త ఎక్కువ దిగిందండీ," అంది సూరమ్మ, పార ఆపకుండానే. "కంగారు పడకండి అల్లుడుగారూ. గొయ్యి నిండేకొద్దీ అదే పైకి వస్తుంది. నేల మట్టానికి ఇంకో రెండంగుళాలుందనగా ఆపేస్తాం."